సారువ ఎవరిది?

వాన పడితే శెనక్కాయ చేను. పడకపోతే బెంగళూరు. అనంతపురం పల్లెల్లో చాలా కుటుంబాల లెక్క ఇంతే.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి పేరు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి నీరసపడిపోతాయి. వేసిన విత్తనం చేతికి రాని ఏడు కదిరి, తనకల్లు, మడకశిర వైపు నుంచి వెళ్లే బస్సులు, ధర్మవరం, హిందూపురం మీదుగా పోయే రైళ్లు మూటాముల్లెతో నిండిపోతాయి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల దూరమే. 2022లో జిల్లా రెండై ఆ ఊళ్లు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. కానీ బస్సూ మారలేదు, దారీ మారలేదు.

అక్కడ తొందరగా దొరికేది ఇళ్ల పని. చదువు అడగరు, పూచీకత్తు అడగరు. తెలిసిన బేల్దారి మేస్త్రీ ఒకడుంటే చాలు.

శెనక్కాయ భూమి లోపల కాసే పంట. దానికి నిచ్చెనతో పనిలేదు. పల్లెలో ఇళ్లు కూడా మొన్నమొన్నటిదాకా రాతి గోడల మీద మట్టి కప్పిన ఒంటి అంతస్తు మిద్దెలే. పుట్టినప్పటి నుంచీ నేలవైపు చూసి పనిచేసిన మనిషి పట్నం వెళ్లిన రెండో రోజో మూడో రోజో మూడంతస్తుల ఎత్తున, రెండు అడ్డకర్రల మీద వేసిన పలకపై నిలబడతాడు. అతనికి ఎత్తులో పని నేర్పేవారు ఎవరూ ఉండరు. ముందురోజు వచ్చినవాడు ఎలా ఎక్కాడో చూసి వీడూ ఎక్కుతాడు.

ఆ కర్రల కట్టడాన్నే మేస్త్రీలు సారువ అంటారు. పుస్తకాల్లో పరంజి. పత్రికల్లో ఆ మాట ఎక్కువగా ఒకే వార్తలో కనిపిస్తుంది... 'సారువ కూలి కూలీలు మృతి'.

<b>ఒక్క సెకను</b>

ఇరవై అడుగులంటే రెండో అంతస్తు ఎత్తు. అక్కడి నుంచి జారిన మనిషి నేలను తాకడానికి పట్టేది ఒక సెకను కంటే కాస్త ఎక్కువ. అప్పటికి వేగం గంటకు దాదాపు 40 కిలోమీటర్లు. రోడ్డు మీద హెల్మెట్ లేకుండా మోటారు సైకిల్‌తో గోడను గుద్దినట్టే. పడేటప్పుడు ఏదైనా పట్టుకుందామన్న ఆలోచన వచ్చేలోపే అయిపోతుంది.

పైన ఉన్నవాడికే కాదు, కిందివాళ్లకూ ఇది గండమే. వలస వచ్చిన కుటుంబాల్లో భర్త సారువ మీద ఇటుక పేరుస్తుంటే భార్య కింద ఇసుక జల్లిస్తూనో, మాలు అందిస్తూనో ఉంటుంది. చిన్నపిల్లలు ఇసుక కుప్ప మీద ఆడుకుంటుంటారు. ఒక ఇటుక బరువు సుమారు మూడు కిలోలు. పలక అంచున నాలుగంగుళాల చెక్క ఒకటి అడ్డంగా కొట్టి ఉంటే కాలు తగిలిన ఇటుక కిందికి దొర్లదు. చాలా ఇళ్ల దగ్గర లేనిది ఆ చెక్కే.

పెద్ద పనుల్లోనూ ఈ వార్తలు ఆగలేదు. 2023 సెప్టెంబరులో హైదరాబాద్ కూకట్‌పల్లి అడ్డగుట్టలో కడుతున్న భవనం ఆరో అంతస్తు దగ్గర సారువ కూలి ముగ్గురు పోయారు. 2025 సెప్టెంబరు 30న చెన్నై పక్కన ఎన్నూరు థర్మల్ విద్యుత్ కేంద్రం పనుల్లో ఇనుప సారువ కూలి తొమ్మిది మంది చనిపోయారు. అందరూ ఎక్కడో అస్సాం నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. పేరున్న పనుల మాట ఇది. ముప్పై బై నలభై సైటులో కట్టే ఇంటి దగ్గర ఒక్క మనిషి పడితే అది జిల్లా పేజీలో నాలుగు లైన్లు కూడా కాకపోవచ్చు.

<b>ఎందుకు కూలుతుంది?</b>

విరగడం కంటే జారడం వల్ల, తిరగబడడం వల్ల కూలే సారువలే ఎక్కువ. కారణాలన్నీ కంటికి కనిపించేవే.

మొదటిది కాళ్ల కింద నేల. పునాది గుంతలు పూడ్చిన మట్టి ఇంకా గుల్లగానే ఉంటుంది. దాని మీదే నిలువు కర్రలు నాటుతారు. అడుగున ఒక ఇటుక ముక్క పెడితే పెట్టినట్టు, లేకపోతే లేదు. గోడ తడపడానికి కొట్టిన నీళ్లన్నీ అక్కడికే దిగుతాయి. ఒక కర్ర రెండంగుళాలు దిగబడితే దాని బరువంతా పక్క కర్ర మీద పడుతుంది. పక్కది దాని పక్కదాని మీదకు తోస్తుంది. కర్ర కింద వెడల్పాటి చెక్క దిమ్మె వేస్తే బరువు పరుచుకుంటుంది. ఖర్చు ఎంతో కాదు.

రెండోది గోడతో కట్టు. సారువ ఎంత గట్టిదైనా తనంతట తాను నిలబడేది కాదు. కట్టడాన్ని పట్టుకునే నిలబడాలి. కిటికీల దగ్గర, పిల్లర్ల దగ్గర బిగించిన కట్లే దాని ప్రాణం. ప్లాస్టరింగ్ మొదలవగానే అవి అడ్డం వస్తున్నాయని ఒక్కొక్కటే విప్పేస్తారు. ఏటవాలుగా కట్టే కర్రలదీ అదే గతి. దారికి అడ్డమని తీసేస్తారు. నాలుగు మూలలూ తాడుతో కట్టిన మంచాన్ని పక్కకు తోస్తే ఎలా ఒరుగుతుందో, ఏటవాలు కర్ర లేని సారువ అలా ఒరుగుతుంది.

ఇక పలక. దీని దగ్గర జరిగే మోసం చాలామందికి తెలియదు. పలక కొన అడ్డకర్రను దాటి రెండు మూడు అడుగులు బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది. దాని మీద కాలు పెట్టగానే రెండో కొన పైకి లేస్తుంది. పిల్లలు ఆడే ఏతాం బల్ల లాగన్నమాట. మనిషి అందులోంచే జారిపోతాడు. పలకను రెండు వైపులా తాడుతోనో తీగతోనో బిగిస్తే ఇది జరగదు. బిగించడానికి పట్టేది ఐదు నిమిషాలు.

బరువు సంగతీ ఎవరూ లెక్క వేయరు. వంద ఇటుకలంటే మూడు వందల కిలోలు. ఇద్దరు మనుషులు, రెండు తట్టల మాలు కలిపితే నాలుగున్నర క్వింటాళ్లు దాటుతుంది. పదేపదే అందించే శ్రమ తగ్గుతుందని పొద్దున్నే ఇటుకలన్నీ ఒకే పలక మీద పేరుస్తారు. అదీ మధ్యలో!

ఇళ్ల మధ్య కట్టే ఇళ్లకు ఇంకో ముప్పు కరెంటు తీగ. బాల్కనీ బయటికి వచ్చిన మేర సారువ ఇంకాస్త బయటికి వస్తుంది. వీధిలో పోయే 11 కేవీ లైనుకు అప్పుడది చెయ్యి చాచినంత దూరం. ఇనుప పైపును నిలువుగా ఎత్తేటప్పుడు అది తగిలితే పట్టుకున్నవాళ్లందరూ పోతారు. లైను తాత్కాలికంగా ఆపమని విద్యుత్ శాఖకు ముందే దరఖాస్తు పెట్టుకోవాలని ఇంటివాళ్లకూ తోచదు, మేస్త్రీకీ తోచదు.

<b>కర్రా? ఇనుమా?</b>

'ఇనుప సారువ అయితే భయం లేదు' అనే నమ్మకం ఒకటి బలంగా ఉంది. ఎన్నూరులో కూలింది ఇనుమే. సరుగుడు కర్ర, వెదురు, నీలగిరి... ఏదైనా చెదలు పట్టకుండా, చీలకుండా ఉంటే పనికొస్తుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దంలో బొమ్మలు వేసిన చిత్రకారులకు, పెనుకొండ కోట గోడలు లేపిన పనివాళ్లకు ఉన్నవి కర్రా తాడే. మన దేశపు నిబంధనలూ వెదురును కాదనలేదు. మంచి రకం కావాలి, పొడుచుకు వచ్చే కణుపులు ఉండకూడదు, చేతులు గీరుకోకుండా చెక్కి ఉండాలి అన్నాయి. ఇనుము వాడితే జాతీయ ప్రమాణాలకు సరిపోవాలన్నాయి.

హాంకాంగ్‌లో ఇప్పటికీ ఆకాశహర్మ్యాలకు వెదురు సారువలు కనిపిస్తాయి. 2025 నవంబరు 26న అక్కడి తై పో ప్రాంతంలో మరమ్మతుల కోసం వెదురు కట్టిన అపార్టుమెంట్లకు మంటలంటుకుని 150 మందికి పైగా చనిపోయారు. వెంటనే అందరి వేలూ వెదురు వైపు చూపించాయి. తీరా చూస్తే సారువకు చుట్టిన వలలు, కిటికీలకు అతికించిన ఫోమ్ పలకలు మంటను ఒక భవనం నుంచి ఇంకో దానికి మోసుకెళ్లడంలో పెద్ద పాత్ర వహించాయని తేలింది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం విల్లో ఐలాండ్‌లో 1978 ఏప్రిల్ 27న కూలింగ్ టవర్ సారువ కూలి 51 మంది చనిపోయారు. అక్కడ సారువను బిగించింది ముందురోజు పోసిన కాంక్రీటుకు. అది ఇంకా గట్టిపడలేదు. ఇనుమూ బాగానే ఉంది, బోల్టూ బాగానే ఉంది... పట్టు దొరికిన చోటే పచ్చిగా ఉంది.

ఏ కర్ర అన్నదానికంటే, పని మొదలెట్టే ముందు ఎవరైనా చూశారా అన్నది పెద్ద ప్రశ్న. బ్రిటన్‌లో 2005 నుంచి ఉన్న నిబంధన ప్రకారం మనిషి రెండు మీటర్లు, అంతకంటే ఎక్కువ ఎత్తు నుంచి పడే వీలున్న సారువను ఏడు రోజులకోసారి తనిఖీ చేసి రాసిపెట్టాలి. మన దగ్గర పెద్ద కంపెనీల సైట్లలో కూడా సారువకు ఆకుపచ్చ చీటీ వేలాడుతుంటేనే ఎక్కాలి, ఎర్ర చీటీ ఉంటే ఎక్కకూడదు. ఆ చీటీ మన వీధి చివర కట్టే ఇంటిదాకా రాలేదు.

<b>రాసింది బాగానే ఉంది</b>

చట్టం లేదనడానికి లేదు. భవన నిర్మాణ కార్మికులకు ఒక కేంద్ర చట్టం కావాలని 1985 నుంచి జాతీయ ప్రచార కమిటీ ఒకటి పోరాడింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దానికి అధ్యక్షులు. పదకొండేళ్లకు, 1996లో చట్టం వచ్చింది. 1998లో కేంద్ర నిబంధనలు, ఆ తర్వాత రాష్ట్రాలవి వచ్చాయి. కర్ణాటక నిబంధనలు 2006 నాటివి.

కేంద్ర నిబంధనల్లో సారువకు ఒక అధ్యాయమే కేటాయించారు. బాధ్యత గల మనిషి పర్యవేక్షణ లేకుండా సారువ కట్టకూడదు, మార్చకూడదు, విప్పకూడదు. పడే ప్రమాదం ఉన్న ప్రతిచోటా పట్టుకునే కమ్మీ, అంచు చెక్క ఉండాలి. పలక కొన ఎగరకుండా చూడాలి. ఎంత బరువు మోస్తుందో రాసి పెట్టాలి. దెబ్బతిన్న సారువను బాగుచేసేదాకా ఎవరినీ ఎక్కనివ్వకూడదు. కింద మనుషులు తిరిగే చోట వల కట్టాలి. కరెంటు తీగల దగ్గర జాగ్రత్తలు తీసుకోవాలి. పైన చెప్పుకున్న ప్రమాదాల్లో ఈ అధ్యాయానికి తెలియనిది ఒక్కటీ లేదు.

మరి లోపం ఎక్కడ? ఎవరికి వర్తిస్తుందన్న దగ్గర. పది మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న పనికే ఆ చట్టం. సొంతానికి కట్టుకునే ఇల్లు పది లక్షల రూపాయలు దాటకపోతే దానికి పట్టదు. 2020లో తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఈ పది లక్షలను యాభై లక్షలు చేసింది. పది మంది నిబంధన అలాగే ఉంచింది. మిగతా మూడు కార్మిక కోడ్‌లతో పాటు అది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కొత్త ఏర్పాట్లు పూర్తయ్యేదాకా పాత నిబంధనలు కొనసాగుతాయని కేంద్రం చెప్పింది. కొత్త కోడ్‌లో మంచి మార్పూ ఉంది. ఇదివరకు 500 మంది ఉంటేనే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. ఇప్పుడు నిర్మాణ పనుల్లో 250 మందికే ఉండాలి.

అయితే అనంతపురంలోనో, బెంగళూరు శివారులోనో ఇద్దరు బేల్దారీలు, నలుగురు కూలీలతో నడిచే ఇంటిపనికి 250 అయినా 500 అయినా ఒకటే. అక్కడికి సేఫ్టీ ఆఫీసర్ రాడు.

డబ్బు లేక కాదు. చట్టం పరిధిలోకి వచ్చే ప్రతి నిర్మాణం ఖర్చులో ఒక శాతం కార్మికుల సంక్షేమానికి సెస్సుగా కట్టాలి. అరవై లక్షల భవనమైతే అరవై వేలు. ఇలా దేశమంతటా 37,400 కోట్ల రూపాయలకు పైగా పోగైతే, ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తన తీర్పులో ఎత్తిచూపింది. కార్డు కావాలంటే ముందటి ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. జూన్‌లో వాన పడితే ఊరికొచ్చి విత్తనం వేసి, పంట పోతే మళ్లీ బెంగళూరు బస్సెక్కే మనిషి ఆ 90 రోజుల పని ఏ రాష్ట్రంలో, ఏ మేస్త్రీ దగ్గర చూపించాలి? ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రం వెళ్లినా పనిచేసే చోటే సంక్షేమ నిధి అందే ఏర్పాటు చేయాలని కొత్త కోడ్ అంటోంది.

<b>ఎస్టిమేట్‌లో లేని గీత</b>

ఇల్లు కట్టించే కుటుంబం అన్నీ లెక్క వేస్తుంది. సిమెంటు ఏ కంపెనీది, కమ్మీ ఎన్ని టన్నులు, తలుపులకు టేకా వేపా, టైల్స్ ఎక్కడివి... రాత్రిళ్లు కూర్చుని మరీ చర్చిస్తారు. మేస్త్రీతో కూలి ఒప్పందం చదరపు అడుగుకు ఇంత అని. అందులో సారువకు వేరే గీత ఉండదు. 'అది మేస్త్రీ చూసుకుంటాడు' అనుకుంటారు ఇంటివాళ్లు. మేస్త్రీకి అది చేతినుంచి పడే ఖర్చు. కాబట్టి పాత ఇంటి దగ్గర మిగిలిన కర్రలు, సెంట్రింగ్ విప్పిన పలకలు, నాలుగుసార్లు వాడిన తాడు తెచ్చి కట్టేస్తాడు. పని రెండు రోజులదైతే అదీ ఉండదు. రెండు డ్రమ్ముల మీద ఒక పలక. అంతే.

మేస్త్రీని దుర్మార్గుడనడం తేలిక. అతనూ నిన్నటిదాకా ఆ పలక మీద నిలబడినవాడే. తక్కువ రేటు చెప్పినవాడికే పని దక్కే చోట సారువకు డబ్బు అడిగినవాడు వెనకబడతాడు. ఆ గీత గీయగలిగింది డబ్బు ఇచ్చేవాళ్లే. ఒప్పందం రాసుకునేటప్పుడే సారువ అద్దె, చెక్క దిమ్మెలు, వల, బెల్టులు వేరే పద్దుగా పెట్టి, ఆ సొమ్ము వాటికే ఖర్చవుతోందా అని చూడవచ్చు. అద్దెకిచ్చే షాపుల్లో పైపులు, పలకలు, బిగింపులు అన్నీ దొరుకుతాయి. పొద్దున్నే క్యూరింగ్ నీళ్లు పట్టడానికి ఇంట్లోవాళ్లు ఎలాగూ సైటుకు వెళ్తారు. కర్ర కింద దిమ్మె ఉందా, పలక కొనలు బిగించి ఉన్నాయా, నడుము ఎత్తున కమ్మీ ఉందా... చూడ్డానికి ఇంజినీరు కానక్కర్లేదు. రాత్రి గాలివాన వచ్చిందంటే మాత్రం తప్పకుండా చూడాలి.

బెల్టు గురించి ఒక మాట. నడుముకు మాత్రమే కట్టే పట్టీ పడేటప్పుడు నడుమునే విరిచేయగలదు. భుజాలు, తొడలు కలిపి పట్టే హార్నెస్ కావాలి. దాని కొక్కేన్ని తగిలించాల్సింది సారువకు కాదు, తలకంటే ఎత్తున బీముకో పిల్లర్‌కో కట్టిన గట్టి తాడుకు. సారువకే తగిలిస్తే అది కూలినప్పుడు మనిషినీ లాక్కుపోతుంది. కొక్కెం తగిలించకుండా తిరిగితే ఆ బెల్టు ఫొటోకే పనికొస్తుంది.

<b>పడిన తర్వాత</b>

ప్రమాదం జరిగిన ఇళ్ల దగ్గర ఎక్కువగా నడిచేది పెద్దమనుషుల పంచాయితీ. శవం ఊరికి చేరేలోపే ఒక మొత్తం తేలుస్తారు. అంబులెన్సు ఖర్చు, దినాల ఖర్చు పోను కుటుంబం చేతిలో కొంత పెట్టి తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. బెల్టు వేసుకోలేదు, తాగి ఉన్నాడు అని నింద కూడా చనిపోయినవాడి మీదే వేస్తారు.

1923 నాటి పరిహార చట్టం దీన్ని ఒప్పుకోలేదు. పని మీద చనిపోతే బెల్టు తీసేశాడనో, తాగాడనో చెప్పి పరిహారం ఎగ్గొట్టే వీలు యజమానికి అది ఇవ్వలేదు. చనిపోయినవారి పరిహారాన్ని కమిషనర్ దగ్గరే జమ చేయాలంది. మూడు నెలల జీతం మేరకు బయానా తప్ప చేతికిచ్చిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదంది. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదంది. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది.

మొత్తం ఎంత? నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చవేస్తారు. ముప్పై ఏళ్లకు ఆ అంకె 207.98. లెక్కలోకి తీసుకునే వేతనం పరిమితిని 2020 జనవరిలో 15,000 రూపాయలు చేశారు. అంటే 7,500ను 207.98తో హెచ్చవేయాలి. 15,59,850 రూపాయలు! పంచాయితీలో తేలే మొత్తంతో దీన్ని పోల్చి చూసుకోవాలి.

వ్యాపారంగా అపార్టుమెంట్లు కట్టే బిల్డరు, పనిని మేస్త్రీకి అప్పగించినంత మాత్రాన తప్పించుకోలేడు. అతన్నీ అడగవచ్చు. సొంత ఇల్లు కట్టుకునేవారి విషయంలో ఈ లంకె అంత గట్టిది కాదు. అక్కడ భారమంతా మేస్త్రీ మీద పడితే, అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు. అందుకే పని మొదలవక ముందే కూలీలకు ప్రమాద బీమా చేయించడం ఇద్దరికీ మంచిది.

బెంగళూరులో మనిషి పోతే అక్కడి ఆఫీసుల చుట్టూ తిరగలేమని చాలా కుటుంబాలు ఆశ వదిలేస్తాయి. తిరగనక్కర్లేదు. దావా వేసేవారు నివసించే ప్రాంతంలోని కమిషనర్ దగ్గరే వేయవచ్చు. తనకల్లు దగ్గరి పల్లెలో ఉన్న భార్య తన జిల్లా మీద అధికారం ఉన్న కమిషనర్ దగ్గర, కార్మిక శాఖ ద్వారా దాఖలు చేసుకోవచ్చు. గడువు మాత్రం రెండేళ్లు. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, పనిలో ఉన్నట్టు చూపే ఏదో ఒక ఆధారం కావాలి. మేస్త్రీ ఫోన్‌పేలో పంపిన వారం కూలీ కూడా ఆధారంగా పనికొస్తుంది. కాబట్టి ఆ ఫోన్‌ను అమ్మేయకుండా, మెసేజీలు చెరపకుండా దాచిపెట్టాలి.